ఒక్క రాత్రి లెక్కకు అందనివాళ్ళు



హైదరాబాదు నుంచి కర్నూలు వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్ళేవాళ్ళకు బీచుపల్లి అంటే కృష్ణ మీద వంతెన, ఒడ్డున ఆంజనేయస్వామి గుడి. బస్సులోంచే దండం పెట్టుకుని, నదిలోకి ఒక రూపాయి బిళ్ళ విసిరి ముందుకు సాగిపోతారు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు బీచుపల్లి, బీచుపల్లమ్మ అని పేర్లు పెట్టుకుంటారంటే ఈ దేవుడి మీద ఎంత గురి ఉందో తెలుస్తుంది. దిగి స్నానం చేసి దర్శనానికి వెళ్ళేవాళ్ళకు మాత్రం మెట్ల మీద, మండపాల్లో, చెట్ల కింద మూటలు పక్కన పెట్టుకుని కూర్చున్న మనుషులు కనిపిస్తారు. చేతిలో ఉన్న చిల్లర వాళ్ళ ముందు వేసి వెళ్ళిపోతాం. పగలు చూసిన ఆ మనుషులు రాత్రి ఎక్కడ పడుకుంటారు, స్నానం ఎక్కడ చేస్తారు, జ్వరం వస్తే ఎవరు చూస్తారు, డబ్బులు ఎక్కడ దాచుకుంటారు అని అడిగేవాళ్ళు తక్కువ. వాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడినప్పుడు తెలిసిన సంగతులు ఈరోజు మీతో చెప్పాలనుకుంటున్నాను. వాళ్ళ పేర్లు చెప్పను. పేరు రేడియోలో వినబడితే ఊళ్ళో ఉన్న కొడుకులకు తలవంపులని వాళ్ళలో చాలామందికి భయం.

మాట ఎలా మొదలుపెట్టాలో కూడా వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి. అరవై దాటిన ఒకామె నాతో ఇలా అంది: "వచ్చినోళ్ళంతా ఇల్లెందుకు ఇడిసినవ్ అనే అడుగుతరు బిడ్డా. చెప్పి చెప్పి నోరు నొస్తది. పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవా అని మాత్రం ఒక్కరు అడగరు." ఇల్లు విడవడమన్నది వాళ్ళకు ఎప్పుడో జరిగిపోయిన సంగతి. తిండి, నీళ్ళు, పడకచోటు ఈ పూటవి. ఈ పూట సంగతి అడిగితే వాళ్ళు మనకు తమ రోజంతా చూపిస్తారు.

ఆ రోజు చీకటితోనే మొదలవుతుంది. గుడి తలుపులు తెరవకముందే, ఊడ్చేవాళ్ళు రాకముందే లేవాలి. ఆడవాళ్ళు ఇంకా ముందే లేస్తారు. వెలుతురు వచ్చాక ఒడ్డున మరుగు ఉండదు. పుష్కరాలకో జాతరకో నాలుగు మరుగుదొడ్లు కట్టినా, జనం వెళ్ళిపోయాక వాటికి నీళ్ళుండవు, కొన్నిటికి తాళాలుంటాయి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగినప్పుడు పన్నెండు రోజులు ఇక్కడ రాత్రీ పగలూ దీపాలు, నీళ్ళు, డాక్టర్లు, వలంటీర్లు. "అట్లాంటి పన్నెండు దినాలు మళ్ళ చూడలె" అని ఆ రోజులు చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మళ్ళీ పుష్కరాలు 2028లో. ఒక ఆడమనిషి సాయంత్రం నుంచి మంచినీళ్ళు తాగడం మానేస్తానని చెప్పింది. ఎందుకని అడిగితే, "రాత్రి లేసి యాడికి పోవాలె అక్కా, చీకట్ల?" అంది. ఎదురుగా కృష్ణమ్మ పారుతుంటే దాహం ఆపుకుని పడుకుంటోంది ఆమె. దీనికంటే నన్ను కలవరపెట్టిన సంగతి ఆ ఒడ్డున ఇంకొకటి లేదు.

తెల్లవారాక పనులు ఉంటాయి. వీళ్ళందరూ అడుక్కుని బతికేవాళ్ళని మనం అనుకుంటాం. అడుక్కునేవాళ్ళున్నారు, నిజమే. కొబ్బరికాయల దుకాణం ముందు ఊడ్చి నీళ్ళు చల్లేవాళ్ళు, హోటల్లో గిన్నెలు తోమేవాళ్ళు, పారేసిన నీళ్ళ సీసాలు ఏరి అమ్మేవాళ్ళు, ఒడ్డున యాత్రికుల చెప్పులకూ బట్టలకూ కాపలా ఉండేవాళ్ళు కూడా వాళ్ళే. కూలి డబ్బుగా వచ్చేది కొంచెమే. టీ, రెండు ఇడ్లీలు, మూట పెట్టుకోవడానికి మూల, ఇవే జీతం. ఆ మూల విలువ మనకు తెలియదు. మూటలో రెండు చీరలు, ఒక దుప్పటి, స్టీలు గిన్నె, మందుల చీటీ, ప్లాస్టిక్ కవరులో మడిచిన కాగితాలు ఉంటాయి. మూట పోతే ఆ మనిషికి ఇంకేమీ మిగలదు. అందుకే అక్కడ టీ హోటల్ నడిపే ఆమెతో ఎవరూ గొడవ పడరు. మూట పెట్టుకోనిచ్చేది ఆమే, కూడబెట్టిన నూరో రెండొందలో దాచిపెట్టేదీ ఆమే. చదువుకున్నవాళ్ళం బ్యాంకు మీద పెట్టుకునే నమ్మకాన్ని వాళ్ళు ఆ హోటల్ ఆమె మీద పెట్టుకున్నారు. ఆమె దాన్ని నిలబెట్టుకుంటోంది కూడా. ఈ మాట గట్టిగానే చెప్పాలి.

మధ్యాహ్నం వీళ్ళు నిద్రపోతారు. చెట్టు కింద ఒళ్ళు తెలియకుండా పడుకున్నవాళ్ళను చూసి, "పట్టపగలు ఎట్ల పండుకున్నరో చూడు, పనీపాటా లేదు" అని యాత్రికులు అనుకుంటూ పోవడం నేను విన్నాను. రాత్రంతా వాళ్ళు మేలుకునే ఉంటారు. నడుం వాలుస్తారే గాని నిద్రపోరు. కుక్కలు, తాగినవాళ్ళు, మూటలెత్తుకుపోయేవాళ్ళు, రోడ్డు దిగి వచ్చే తెలియని మనుషులు. ఆడవాళ్ళు ఒంటరిగా పడుకోరు. ఇద్దరు ముగ్గురు కలిసి, దీపం వెలుగు పడేచోట, ఒకరి మూటకు ఒకరు తల ఆనించుకుని పడుకుంటారు. వెలుగున్నచోట దోమలెక్కువ. అయినా చీకటికంటే దోమలే నయమని వాళ్ళ అనుభవం. డిసెంబరు, జనవరి నెలల్లో నది మీది గాలి ఎముకల్లోకి దిగుతుంది. వానాకాలంలో పైన జూరాల ప్రాజెక్టు గేట్లెత్తితే మెట్లు ఒకదాని తర్వాత ఒకటి మునుగుతాయి, పడక పైకి పైకి జరుగుతుంది. ఎన్ని మెట్లు మునిగితే ఎంత వరదో వాళ్ళకు తెలుసు. ఆ లెక్క వాళ్ళనడిగి చెప్పించుకుంటే అధికారులకూ పనికొస్తుంది.

ఇక వీళ్ళ సంవత్సరం సంగతి. మనం వీళ్ళను దిక్కులేకుండా తిరిగేవాళ్ళంటాం గాని, వీళ్ళ తిరుగుడుకు పంచాంగం అంత కచ్చితమైన లెక్క ఉంది. మంగళవారం, శనివారం బీచుపల్లిలో జనం ఎక్కువ. భక్తులు పెట్టే అన్నం ఆ రెండు రోజులు కడుపునిండా దొరుకుతుంది. వంతెన అవతల పెబ్బేరులో శనివారం సంత. మూటలు మోయగలిగినవాళ్ళు అక్కడికి పోతారు. దీపావళి దాటాక కురుమూర్తి జాతర. చలికాలంలో మల్దకల్ తిమ్మప్ప. మాఘమాసంలో మన్యంకొండ. శివరాత్రికి అలంపురం, ఇంకా ఓపికున్నవాళ్ళు శ్రీశైలం. చైత్రపౌర్ణమికి నల్లమల అడవిలో సలేశ్వరం. "సలేశ్వరం ఇప్పుడు పోను బిడ్డా. ఆ గుట్టలు దిగి ఎక్కనీకె మోకాళ్ళు లేవు" అని ఆ అరవై దాటిన ఆమె నవ్వింది. ఎక్కడ ఏ రోజు అన్నం పెడతారో, ఏ గుడి మండపంలో పడుకోనిస్తారో, ఎక్కడ కర్రతో లేపుతారో వీళ్ళు నోటికి చెప్పగలరు. చలివేంద్రం ఎప్పుడు మూసేస్తారో కూడా తెలుసు.

ఈ పంచాంగం గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. మన దేశంలో ఇళ్ళు లేనివాళ్ళను, పదేళ్ళకొకసారి జరగవలసిన జనాభా లెక్కల్లో, ఒకే ఒక్క రాత్రి లెక్కపెడతారు. కిందటి జనాభా లెక్కల్లో ఆ రాత్రి 2011 ఫిబ్రవరి 28. రోడ్డు పక్కన, కాలిబాటల మీద, సిమెంటు గొట్టాల్లో, ఫ్లైఓవర్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, గుళ్ళ దగ్గర, మండపాల్లో ఉండేవాళ్ళను ఇల్లు లేనివాళ్ళుగా రాసుకోవాలని నియమం. మండపం అన్న మాట ఆ నియమంలోనే ఉంది. అంటే బీచుపల్లి మెట్ల మీది మనుషులను ఆ రూలు రాసినవాళ్ళు ఊహించారన్నమాట. అయితే ఆ ఏడాది శివరాత్రి మార్చి 2న వచ్చింది. లెక్క జరిగిన రాత్రికీ దానికీ మధ్య రెండు రోజులే తేడా. గుళ్ళ వెంట బతికేవాళ్ళు సరిగ్గా అప్పుడే మూటలు కట్టుకుని దారుల్లో ఉంటారు. శ్రీశైలం బస్సులోనో, అలంపురం దారిలో ఏ చెట్టు కిందో ఉన్న మనిషిని ఆ రాత్రి ఎవరు రాసుకుంటారు?

అయినా లెక్కకు అందినవాళ్ళే దేశం మొత్తం మీద 17 లక్షల 73 వేల మంది. అందులో పట్టణాల్లో 9 లక్షల 38 వేలు, పల్లెల్లో 8 లక్షల 34 వేలు. నిరాశ్రయులంటే మహానగరంలో ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్ళే మన కళ్ళముందు మెదులుతారు. లెక్క మాత్రం దాదాపు సగం మంది పల్లెల్లో ఉన్నారని చెబుతోంది. ఆ పల్లెల్లో ఇలాంటి రేవులు, యాత్రాస్థలాలు, హైవే చౌరస్తాలు ఉన్నాయి. నేను ఇవాళ మీ ముందు పెట్టదలచిన సంగతి ఇదే: వీళ్ళకోసం చేసిన ఏర్పాట్లన్నీ పట్టణాన్ని కొలతగా పెట్టుకుని చేసినవి.

2010లో సుప్రీంకోర్టు చలికి జనం చనిపోతున్నారని కన్నెర్ర చేసి, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక వసతి గృహం ఉండాలని చెప్పింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ అదే కొలతను తీసుకుంది. లక్ష జనాభాకు వందమంది ఉండగలిగే ఒక వసతి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు, మంచం, మరుగుదొడ్డి, వంట గది. మంచి కొలతలే. కాని 2011 లెక్కల్లో గద్వాల, వనపర్తి రెండూ లక్ష జనాభా లేని పట్టణాలు. ఇక బీచుపల్లి ఏ పట్టణంలోనూ భాగం కాదు. పథకం పేరులోనే 'పట్టణ' అని ఉన్నప్పుడు ఈ ఒడ్డుకు వెతుక్కుంటూ ఎవరొస్తారు? యాత్రాస్థలాలకు వేరే కొలత కావాలి. స్థిరంగా ఉండే జనాభాను బట్టి కాకుండా, ఏటా వచ్చిపోయే జనాన్ని బట్టి లెక్క వేయాలి. పుష్కరాలకు వేసినప్పుడు అలాగే వేశారుగదా.

హైదరాబాదులో ఫుట్‌పాత్ మీద కొన్నాళ్ళు ఉండి వచ్చిన ఒకామె ఇక్కడ కనిపించింది. భర్తకు జబ్బు చేసి పెద్దాసుపత్రికి పోయింది. లోపల రోగి, బయట ఆమె. ఉస్మానియా, నిలోఫర్ లాంటి ఆసుపత్రుల ముందు అలా పడుకునేవాళ్ళను హైదరాబాదు పోయినవాళ్ళు చూసే ఉంటారు. భర్త దక్కలేదు. పట్నానికీ ఇక్కడికీ తేడా ఆమె ఇలా చెప్పింది: "పట్నంల అయిదు రూపాయలకు బువ్వ దొరుకుతది. పండుకోనీకె జాగ దొరకది. ఈడ జాగ ఉంది, బువ్వే వారానికి రెండు దినాలు." 2014 మార్చిలో నాంపల్లిలో మొదలైన అయిదు రూపాయల భోజనం అలాంటివాళ్ళకు ఎంత ఆసరా అయిందో ఆ ఒక్క మాటలో ఉంది. రహదారి పక్కన ఎర్రవల్లి చౌరస్తాలో అలాంటి కౌంటరు ఒకటి ఉంటే లారీ క్లీనర్లు, కూలీలు, వీళ్ళు అందరూ తింటారు.

వీళ్ళు ఈ ఒడ్డుకు ఎలా చేరారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు. ఇటూ అటూ రెండు నదులున్నా పొలానికి నీళ్ళు లేక వలసపోయిన నేల ఇది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తే పిల్లలను అవ్వ తాతల దగ్గర వదిలి, డ్యాములు, కాలువలు, రోడ్లు, బిల్డింగులు కట్టడానికి ముంబై, పుణె, బెంగళూరు పోయినవాళ్ళు. బయటి ఊళ్ళలో ఇటుకలు మోసినంతకాలం సైటులోనే గుడిసె. ఒళ్ళు ఉడిగాక సైటు వద్దంటుంది, మేస్త్రీ రావద్దంటాడు. ఊళ్ళో ఇల్లు అప్పటికి అన్నదమ్ముల పాలయి ఉంటుంది, లేదా పెంకులు కూలి ఉంటుంది. దేశమంతా ఇళ్ళు కట్టిన చేతులు చివరికి మండపం స్తంభానికి ఆనుకున్నాయి. ఇలాంటివాళ్ళు ఇక్కడ ఒకరిద్దరే కాదు.

ఇంకొక పెద్దాయన ఉన్నాడు. మీ ఊరేదని అడిగితే కిందికి, నది పారే వైపు చెయ్యి చూపించి, "నీళ్ళల్ల ఉంది" అన్నాడు. శ్రీశైలం రిజర్వాయరు కింద ముంపుకు పోయిన ఊళ్ళలో ఆయనది ఒకటి. అలంపురం, కొల్లాపూర్ ప్రాంతాల్లోనూ కర్నూలు వైపూ కలిపి వందకు పైగా పల్లెలు మునిగాయి. 1981లో జనాన్ని లేపి ఇళ్ళు కూలగొట్టారు. ఆ ముంపులోంచే కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి, జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయాన్ని ఎత్తైన చోటికి తరలించి మళ్ళీ కట్టారు. "గుడి రాళ్ళకు నంబర్లేసి తీస్కపోయి మళ్ళ పేర్చిన్రు. మంచి పనే. మాకు గూడ నంబర్లేసి ఉంటే ఎవరు యాడ పోయిన్రో తెలిసేది" అన్నాడాయన. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇస్తామని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ఆ జీవో పట్టుకుని నిర్వాసితుల పిల్లలు దశాబ్దాలుగా తిరుగుతూనే ఉన్నారు. ఈయనకు పిల్లలు లేరు. ఎండాకాలం నీళ్ళు తగ్గి ఊరి పునాదులు తేలినప్పుడు పోయి చూసి వస్తాడట.

వీళ్ళను చూసి ప్రభుత్వాలకు అప్పుడప్పుడు వేరే ఆలోచన కూడా వస్తుంది. భిక్షాటనను నేరంగా చూసే చట్టం మనకు 1977 నుంచి ఉంది. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సు జరగబోయే ముందు నగరంలో రెండు నెలలు భిక్షాటన నిషేధించి, పట్టుబడినవాళ్ళను జైళ్ళ శాఖ నడిపే ఆనందాశ్రమాలకు తరలించారు. మగవాళ్ళను చంచల్‌గూడకు, ఆడవాళ్ళను చర్లపల్లికి. అక్కడ తిండి పెట్టారు, వైద్యం చేయించారు, నిజమే. కాని నేరం చేయని మనిషిని జైలు ఆవరణకు తీసుకుపోవడాన్ని నేను ఒప్పుకోలేను. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు అక్కడ అమల్లో ఉన్న ఇలాంటి చట్టంలోని శిక్షల సెక్షన్లను కొట్టివేసింది. 2021 జూలైలో సుప్రీంకోర్టు, వీధుల్లో అడుక్కోవడాన్ని నిషేధించమన్న అభ్యర్థనకు ఒప్పుకోలేదు. చదువూ ఉపాధీ లేక పేదరికం వల్లే మనుషులు ఆ స్థితికి వస్తారని న్యాయమూర్తులు అన్నారు.

సరే, ఈ రోజు వీళ్ళకు అందగలిగిన సాయం ఏముంది? కాగితాల దగ్గరే అంతా ఆగిపోతోంది. వృద్ధాప్య పింఛను 2014లో ఆసరా పేరుతో వెయ్యి రూపాయలయింది, 2019లో 2,016 అయింది. ఆ డబ్బుతో వీళ్ళలో చాలామంది గది అద్దెకు తీసుకోగలరు, ఇద్దరు కలిస్తే ఇంకా తేలిక. పింఛనుకు ఆధార్ కావాలి, ఆధార్‌కు చిరునామా కావాలి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక ఇంకొక చిక్కు వచ్చింది. వంతెనకు ఇటు జోగులాంబ గద్వాల, అటు వనపర్తి. పాత కార్డు ఒక జిల్లాది, పడక ఇంకొక జిల్లాలో. వేలిముద్రల సంగతి మరీ కష్టం. నలభై ఏళ్ళు సిమెంటు కలిపిన చేతివేళ్ళ మీద గీతలే మిగలవు. యంత్రం గుర్తుపట్టదు.

అయితే ఈ చిరునామా చిక్కు విషయంలో ఎన్నికల సంఘం దగ్గర ఒక మంచి నిబంధన ఉంది, ఇది చాలామందికి తెలియదు. ఇల్లు లేని మనిషి కూడా ఓటరుగా చేరవచ్చు. ఫారం 6లో తాను పడుకునే చోటునే చిరునామాగా రాయవచ్చు. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట ఆ చోటికి వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నారా అని చూడాలి, ఒకటికి మించి రాత్రులు రావాలి. అలా నిర్ధారణ అయితే నివాసానికి వేరే రుజువు కాగితం అడగకూడదు. నేను ఈ సంగతి చెప్పినప్పుడు ముంపు ఊరి పెద్దాయన చాలాసేపు నమ్మలేదు. "ఆఫీసరు రాత్రిపూట ఈడికొస్తడా? నన్ను సూడనీకె?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. వస్తాడు, అది ఆయన పని, రూలు అలాగే ఉంది అని చెప్పాను. "అయితే మంగళవారం రాత్రి రమ్మను. ఆ దినం తప్పకుండ ఉంట" అన్నాడు.

వచ్చే జనాభా లెక్కలకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఆ ఏడాది శివరాత్రి మార్చి 6. మళ్ళీ జాతర రోజులే. గ్రామ కార్యదర్శులు, బడిపంతుళ్ళు, ఎన్యూమరేటర్లుగా వెళ్ళబోయే మీరంతా ఈ ప్రసంగం వింటూ ఉంటే ఒక విన్నపం. బీచుపల్లి, అలంపురం, సోమశిల, మన్యంకొండ, శ్రీశైలం దారి పొడుగునా ఉన్న సత్రాలు, బస్టాండ్లు ఇళ్ళు లేనివాళ్ళను లెక్కపెట్టే రాత్రి ఎవరెవరు చూడాలో ముందే పంచుకోండి. ఎవరు ఎక్కడ పడుకుంటారో టీ హోటళ్ళవాళ్ళను అడగండి, వాళ్ళకు తెలుసు.

ఇక మనలాంటివాళ్ళం. ఫారం 6 తహసీల్దారు ఆఫీసులో ఇస్తారు, ఫోనులోనూ నింపవచ్చు. ఇంట్లో చదువుకున్న పిల్ల ఉంటే ఆమెను వెంటబెట్టుకుని ఒక సాయంత్రం ఆ మెట్ల దగ్గరికి వెళ్ళండి. తిన్నావా అవ్వా అని అడిగి, ఆ తర్వాత ఫారం తీయండి. పడకచోటు దగ్గర గుర్తుగా ఏ మండపమో, ఎన్నో మెట్టో స్పష్టంగా రాయండి.